ఎండ చూసి పని చేసిన రోజులు

మా రోజుల్లో శుభలేఖ అచ్చేయాలంటే ముందు ఆకాశం వంక చూసేవాళ్లం అబ్బాయ్. నవ్వితే నవ్వు. నువ్వు ఫోన్ మీద వేలు ఆడిస్తే శుభలేఖ ఊరందరికీ పోతుంది, పెళ్లయిపోయినా సగంమంది తెరిచి చూడరు.

మేం శుభలేఖలు అచ్చేసే స్క్రీన్ ప్రింటింగ్‌కి ప్రాణం బైక్రోమేట్. నారింజరంగు పలుకులు. నీళ్లలో కరిగించి, గెలటిన్‌లో కలిపి, చీకటిగదిలో ఎర్రబల్బు కింద, ఫ్రేముకు బిగించిన గుడ్డకు పూసేవాళ్లం. ఆరాక నల్లసిరాతో రాసిన బటర్ పేపరు, దాని మీద అద్దం పెట్టి ఎండలోకి తెచ్చేవాళ్లం. ఎండ తగిలినచోట పూత గట్టిపడేది. నల్లగీత కింద మెత్తగానే ఉండి, నీళ్లు పోస్తే కరిగిపోయేది. ఆ సందుల్లోంచే కార్డు మీదికి రంగు దిగేది. టైమరా పాడా! వైశాఖం ఎండ ఒక లెక్క, మార్గశిరం ఎండ ఇంకో లెక్క. పసుపు పూత గోధుమరంగుకు తిరిగే క్షణం పట్టుకోవాలి. కాస్త ఆలస్యమైతే సన్నగీతలు పూడిపోయి ‘శ్రీరస్తు’లో క్రావడి మాయమయ్యేది.

ఇది నిన్నమొన్నటి విద్యనుకున్నావా? ఈ బైక్రోమేట్ ఉప్పు పూసిన కాగితం ఎండకు రంగు మారుతుందని స్కాట్లండ్‌లో మంగో పాంటన్ 1839లోనే చెప్పాడు. 1852లో టాల్బట్ అనే ఆయన దాన్ని గెలటిన్‌తో కలిపి పేటెంట్ తీసుకున్నాడు. వెలుగు పడితే బైక్రోమేట్‌లోని ఆరు వేలెన్సీ క్రోమియం మూడుకు దిగి గెలటిన్ పోగుల్ని ముడివేస్తుంది. క్రోమ్ తోలును కుళ్లకుండా కాపాడేదీ ఆ మూడు వేలెన్సీ క్రోమియమే. తంగేడుచెక్కతో తోళ్లు ఊనిన పాతకాలం వాళ్లు ఆ క్రోమ్ తోలును చూసి నాలాగే సణిగి ఉంటారనుకో! అంబాసిడర్ బంపరులో మొహం చూసుకుని తల దువ్వుకునేవాళ్లం, ఆ మెరుపూ క్రోమిక్ ఆమ్లం తొట్టెలోంచి వచ్చిందే. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ బంపర్లు.

బైక్రోమేట్ విషమే, కాదనను. వేళ్లసందుల్లో పుండ్లు పడితే ఓ పట్టాన మానేవి కావు. ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ తెస్తుందని తేలింది. తమిళనాడు రాణిపేటలో ఆ క్రోమియం వ్యర్థాలు నేలనీ నీళ్లనీ పాడుచేశాయి. ఆ మందు పోవాల్సిందే. దాంతోపాటు ఎండను అంచనా కట్టే చూపు ఎందుకు పోవాలి, చెప్పు?

మా వీధి కుర్రాడు ఇప్పుడు బైక్రోమేట్ బదులు డయజో పూత వాడతాడు, యూవీ దీపం పెడతాడు. మంచిదే. కరెంటు పోతే మాత్రం బయట ఫెళఫెళ ఎండ కాస్తున్నా, లోపల చేతులు కట్టుకు కూర్చుంటాడు.