ఇంటిల్లిపాదికీ చుక్కల మందు

కన్ను, చెవి, ముక్కు, గొంతు, ఈ నాలుగింటికీ సొంతవైద్యం చేసుకోదలచినవారు మందుల పేర్లేవీ బట్టీ పట్టనక్కర్లేదు. ఒక్క సూత్రం ఒంటబట్టించుకుంటే చాలు: ఏ మందు వేశాక తగ్గిందో, ఆ మందు వల్లే తగ్గింది. ఈ సూత్రానికి ఇంతకంటే అనువైన అవయవాలు ఒంట్లో లేవు. జలుబు, వైరస్ వల్ల వచ్చే గొంతునొప్పి, మామూలు కళ్లకలక, ఇవన్నీ చాలామందిలో వారం పది రోజుల్లో తమంతట తామే పోయేవి. పైగా మనిషి మందు కోసం పరుగెత్తేది బాధ ముదిరినప్పుడే. ముదిరినదానికి ఆ తర్వాత దిగడమే మిగులుతుంది. కాబట్టి మూడో రోజు రాత్రి ఏది వేసినా అయిదో రోజుకి దానికి పేరొస్తుంది. చనుబాలకీ, తేనెకీ, ఆముదానికీ, అజిత్రోమైసిన్‌కీ మన ఇళ్లలో సరిసమానమైన కీర్తి దక్కింది ఇందుకే. జలుబుకి మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని ఎవరైనా వెటకారం చేస్తే నవ్వేసి ఊరుకోండి. ఏమీ వేయకుండా ఉండి చూసినవాళ్లు మన ఇళ్లలో దొరకరు గనుక, మీరు తప్పని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు.

కంటితో మొదలుపెడదాం. 2023 జులై, ఆగస్టుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కళ్లకలక బడుల నుంచి ఇళ్లకీ, ఇళ్ల నుంచి ఆఫీసులకీ పాకింది. ఎర్రకళ్లవాళ్లని చూస్తేనే అంటుకుంటుందని నల్లద్దాలు పెట్టుకున్నవాళ్లు ఇంటికొచ్చి అందరూ వాడే తువ్వాలుతోనే మొహం తుడుచుకున్నారు. అది అంటేది చూపుతో కాదు. చేతులతో, తువ్వాళ్లతో, దిండు గలీబులతో. ఎక్కువగా వైరస్ తెచ్చేదే కాబట్టి యాంటీబయోటిక్ చుక్కలకి అక్కడ పెద్దగా పని లేదు. ఈ సంగతి పక్కనపెట్టి, మెడికల్ షాపుకి వెళ్లి 'గట్టిగా పనిచేసేది' ఇమ్మనండి. గట్టిగా అంటే ఏమిటో అక్కడ అర్థమవుతుంది: యాంటీబయోటిక్‌తోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిసిన సీసా. ఇలాంటి కొన్ని సీసాల పేరు చివర 'డి' అనో 'డీఎక్స్' అనో ఉంటుంది. మిగతా వివరమంతా అట్టపెట్టె మీద ఆవగింజంత అక్షరాల్లో ఉంటుంది గనుక పెట్టెని షాపులోనే పారేసి రావడం మేలు. స్టెరాయిడ్ చుక్క ఎరుపునీ దురదనీ చూస్తూండగానే చల్లారుస్తుంది. ఎండాకాలం రాగానే కళ్లు నలుపుకునే అలర్జీ పిల్లలకి డాక్టరు ఎప్పుడో కొన్ని రోజులకని రాసిన చీటీ అలా ఏళ్లతరబడి నడుస్తుంది. వాడగా వాడగా కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. దానికి నొప్పి ఉండదు, ఎరుపుండదు. చూపు పక్కల నుంచి కొద్దికొద్దిగా తరుగుతుంది. నీటికాసులు అనే ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. శుక్లం కూడా రావచ్చు. దాన్నైనా ఆపరేషన్ చేసి తీస్తారు. ఇక వరి ఆకో ఊకో గీసుకుని ఫంగస్ పట్టిన కంటిపుండు మీద ఇదే చుక్క పడితే నాలుగు రోజులు మనిషికి సుఖం, ఆ తర్వాత ఫంగస్‌కి పండగ. ఇక్కడ ఉపశమనం అబద్ధం కాదు, ఎరుపు నిజంగానే తగ్గుతుంది. ఈ మార్గదర్శికి మూలధనం ఆ నిజమే.

చుక్కలు వేసే పద్ధతికీ ఒక లెక్కుంది. సీసాలోంచి పడే ఒక్క చుక్క సుమారు 50 మైక్రోలీటర్లు. రెప్పల మధ్య నిలిచేది మహా అయితే 30. అంటే మొదటి చుక్కే కొంత ఒలికిపోతుంది, రెండోది చెంపకి వైద్యం. మూడు వేస్తే తృప్తిగా ఉంటుంది కాబట్టి మూడు వేయండి. లోపల మిగిలిన దాంట్లో కొంత కన్నీటి గొట్టం గుండా ముక్కులోకీ, అక్కణ్ణించి గొంతులోకీ జారుతుంది. చుక్క వేసిన కాసేపటికి నోరు చేదెక్కేది ఇందుకే. కళ్లు మూసుకుని ముక్కు పక్కనున్న కంటికొసని వేలితో నొక్కిపట్టమని డాక్టర్లు చెప్పేదీ ఇందుకే. మీరు టపటపా రెప్పలు కొట్టండి, సీసా మూతిని రెప్పకి ఆనించండి, తెరిచిన నెలకి పారేయాల్సిన ఆ సీసాని వచ్చే ఏటి కళ్లకలకకి ఫ్రిజ్ తలుపులో దాచండి.

ముక్కు విషయంలో మన సూత్రం మరీ అందంగా పనిచేస్తుంది. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు లోపల ఉబ్బిన రక్తనాళాలని బిగించేస్తాయి. నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. మూడు నుంచి అయిదు రోజులకి మించి వాడొద్దన్న హెచ్చరిక పిరికివాళ్ల కోసం అనుకోండి. గడువు దాటాక మందు దిగిన ప్రతిసారీ ముక్కు ముందుకంటే ఎక్కువ ఉబ్బుతుంది, దానికి మళ్లీ చుక్క పడుతుంది. జలుబు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది, దాని స్థానంలో కూర్చున్నది మందు. ఈ దశలో మనిషి చెప్పే మాట ఒకటే: 'ఇది లేకపోతే నాకు ఊపిరాడదు.' నిజమే చెబుతున్నాడు. తలగడ కింద ఒకటి, బండి డిక్కీలో ఒకటి, ఆఫీసు సొరుగులో ఒకటి సీసా ఉంటుంది. అలర్జీ ముక్కుకి డాక్టర్లు రాసే ఫ్లుటికాసోన్, మొమెటాసోన్ స్ప్రేలు దీనికి భిన్నం. వాటి గుణం పూర్తిగా తెలియడానికి రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. సూత్రం ప్రకారం రెండో రోజుకే అది పనిచేయని మందు. పైగా అది స్టెరాయిడ్ అని ఎక్కడో చదివి భయపడాలి కూడా. కంట్లో తెలియక వేసుకున్న స్టెరాయిడ్‌కి లేని భయం, ముక్కులో తెలిసి కొట్టుకోవలసిన దానికి ఉండాలి. పిల్లలకైతే జలుబు సిరప్ ఉంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్‌ని నాలుగేళ్లలోపు పిల్లలకి వాడొద్దని సీసా మీద ముద్రించాలని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఆదేశాల సంగతెలా ఉన్నా పిల్లాడు మగతగా పడి ఉన్నాడు గదా, మందు పనిచేసినట్టే.

చెవిలో గులిమిని బయటికి తెచ్చే ఏర్పాటు చెవికే ఉంది. లోపలి చర్మం కర్ణభేరి దగ్గర నుంచి బయటికి మెల్లగా జరుగుతూ గులిమిని మోసుకొస్తుంది. ఆ పనిని ఇయర్ బడ్‌తోనో, పిన్నీసుతోనో, బండి తాళంతోనో వెనక్కి తిప్పొచ్చు. నూనె సంగతి మాత్రం న్యాయంగా చెప్పుకోవాలి. బతికున్న పురుగు చెవిలో దూరినప్పుడు, కర్ణభేరికి చిల్లు లేకపోతే, గోరువెచ్చని నూనె వేసి దాన్ని చంపడం డాక్టర్లూ ఒప్పుకునే పద్ధతే. ఆ ఒక్క మంచిపేరు మీద వెల్లుల్లి కాచిన నూనె చెవిపోటుకి కూడా ఎక్కింది. జలుబు చేసిన పిల్లాడు అర్ధరాత్రి చెవి పట్టుకుని ఏడిస్తే, నొప్పి ఉన్నది కర్ణభేరికి అవతల. కన్ను, ముక్కు, గొంతు, చెవి ఒకే వసారాలోకి తెరుచుకునే వాటాల లాంటివి. గొంతు వెనక నుంచి మధ్యచెవికి పోయే గొట్టం పిల్లల్లో పొట్టిగా, అడ్డంగా ఉండడంతో చీడ ఆ దారిన వచ్చింది. మీరు పోసిన నూనె కర్ణభేరి ఇవతలే ఆగిపోతుంది. చీము కారే చెవిలో మాత్రం ఆగదు, అక్కడ చిల్లు ఉంటుంది గనుక. ఆ చిల్లు గుండా జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి చుక్కలు లోపలికి దిగితే వినికిడికే చేటు రావచ్చు. చెవి చుక్కలన్నీ ఒకటే అనుకునేవారికి ఈ సమాచారం అనవసరం.

గొంతునొప్పికి మనవాళ్ల మొగ్గు అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ మీద. పట్టీ కొనకుండా రెండు మాత్రలు కత్తిరించి ఇమ్మనండి. పట్టీ మీద నిలువుగా ఉండే ఎర్రగీత, చీటీ లేనిదే అమ్మకూడదని చెప్పేది, అలంకారం అనుకోండి. గొంతునొప్పుల్లో అధికభాగం వైరస్‌వి, వాటికి యాంటీబయోటిక్ అక్కర్లేదు. కొన్ని స్ట్రెప్టోకోకస్‌వి, పిల్లల్లో వాటిని వదిలేస్తే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడే ప్రమాదం ఉంది, వాటికి మందు పూర్తి కోర్సు పడాలి. మన పద్ధతిలో అక్కర్లేనివాళ్లకీ రెండు మాత్రలే, కావలసినవాళ్లకీ రెండు మాత్రలే. 1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసం ఇస్తూ, పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఊహించి చెప్పిన ఉదాహరణ కూడా గొంతునొప్పిదే. ఒక పెద్దమనిషి పెన్సిలిన్ కొని చాలీచాలకుండా వాడుకుంటాడు. క్రిములు చావవు, రాటుదేలతాయి. అవి భార్యకి అంటి న్యుమోనియా వస్తుంది, పెన్సిలిన్ పనిచేయదు, ఆవిడ పోతుంది. ఆ పెద్దమనిషి గొంతు మాత్రం తగ్గే ఉంటుంది.

ఇదంతా డబ్బున్నవాళ్ల కబుర్లు, మా ఊళ్లో డాక్టరేడి అనేవాళ్లుంటారు. న్యాయమైన మాట. పట్నం వెళ్తే ఒకరోజు కూలి పోతుంది, తోడొచ్చినవాళ్ల కూలీ పోతుంది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిలోనో సరోజినీదేవి కంటి ఆస్పత్రిలోనో ఓపీ వరుసలో పూట గడిచిపోతుంది. కానీ ఈ వాదన రుజువు చేసేది డాక్టరు దూరమని మాత్రమే, స్టెరాయిడ్ చుక్క మంచిదని కాదు. డాక్టరు అందనప్పుడు కొనవలసింది మెత్తని మందు: గొంతుకి ఉప్పునీటి పుక్కిలింత, నొప్పికి పారాసెటమాల్, ముక్కుకి సెలైన్ చుక్కలు, కంటికి చల్లటి తడిగుడ్డ, ఎవరి తువ్వాలు వాళ్లకి. షాపులో జరిగేది దీనికి తలకిందులు. డాక్టర్లూ ఇవే రాస్తున్నారుగా అనేది ఇంకో అభ్యంతరం. రాస్తున్నారు, కొందరు అవసరం లేకుండానూ. అయినా కన్ను పరీక్షించి, ఒత్తిడి కొలిచి, ఇన్ని రోజులని గడువు పెట్టి ఇస్తే అదే సీసా మందవుతుంది.

వేటిని పట్టించుకోకూడదో కూడా చెప్పాలి. చూపు మసకబారుతూ కన్ను నొప్పెట్టడం, వెలుతురు భరించలేకపోవడం, రాత్రికి రాత్రి ఒక చెవి వినపడకుండా పోవడం, ఒకవైపు ముక్కు నుంచే మళ్లీ మళ్లీ నెత్తురు రావడం, మూడు వారాలు దాటినా వదలని బొంగురు, పిల్లాడు ముక్కులో దూర్చుకున్న బొత్తాం బ్యాటరీ. ఇవి రోజులతో, బ్యాటరీ అయితే గంటలతో పందెం గనుక, ముందు చేతిలో ఉన్న సీసా అయిపోనివ్వండి. తప్పనిసరై డాక్టరు దగ్గరికి వెళ్లినా పాత సీసాలు వెంట పట్టుకెళ్లకండి. ఏం చుక్కలు వేశారని అడిగితే, తెల్లమూతది, చిన్న సీసా అనండి. ఎన్నాళ్లుగా అంటే, ఎప్పుడైనా ఎర్రబడితేనే అనండి.