కజిన్ బ్రదర్ వ్యాకరణం

తెలుగువాళ్లు ఇంగ్లీషులో చేసే తప్పుల్లో సగం ఇంగ్లీషు రాక చేసేవి కావు, తెలుగు మరీ బాగా వచ్చి చేసేవి. వనపర్తి జిల్లా గోపాల్‌పేటలో "ఎస్టర్‌డే ఓన్లీ ఐ కేమ్" అనే మనిషి మనసులో ఉన్నమాట "నిన్ననే వచ్చిన". ఆ 'నే'ను పారేయడానికి చేతులు రాక, దానికి 'ఓన్లీ' వేషం వేసి, తెలుగులో ఉన్న చోటే అతికిస్తాడు.

"ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" కథా ఇదే. తెలుగులో తమ్ముళ్లను ఎవరూ కలిగి ఉండరు. వాళ్లు ఉంటారు, అంతే. ఆ 'ఉన్నారు' అనే మాటే వస్తున్నారు, తింటున్నారుల చివర కూడా కూర్చుంటుంది కాబట్టి, ఊరికే ఉన్న తమ్ముళ్లు కూడా జరుగుతున్న పనిలో చేరిపోతారు. 'హ్యావింగ్ లంచ్' అలవాటైన దొర చెవికి మాత్రం ఇద్దరినీ విస్తట్లో వడ్డించినట్టుంటుంది.

"డిస్కస్ అబౌట్"లో అదనంగా వచ్చింది మన 'గురించి'. "డిడ్ నాట్ వెంట్" అనేది జాగ్రత్తపరుడి తప్పు: భూతకాలానికి ఒక తాళం చాలదని రెండోది వేస్తాడు.

"కజిన్ బ్రదర్"ను తప్పనడం మాత్రం అన్యాయం. ఇంగ్లీషు కజిన్‌లో చిన్నాయన కొడుకూ మేనత్త కొడుకూ ఒకే గాటన పడతారు. తెలుగింట్లో మొదటివాడు రాఖీ కట్టించుకునేవాడు, రెండోవాడు కుదిరితే తాళి కట్టేవాడు. ఇంత తేడాను మింగేసే మాటను పెళ్లిచూపుల ఇంట్లో వాడితే కొంపలంటుకుంటాయి. అందుకే ఆ బ్రదర్ తోక. రెండోవాడి విషయంలో ఇంగ్లీషు చేతులెత్తేస్తుంది, "మా బావ" అని తెలుగులోకి దిగాల్సిందే.

స్పెల్లింగు తప్పులకు నిలయం దుకాణాల బోర్డులు. టైర్లకు అతుకులేసే చోట పెయింటరు చెవికి వినిపించింది వినిపించినట్టు పి, యు, ఎన్, సి, హెచ్, ఇ, ఆర్ అని రాస్తాడు. చదివితే అక్కడ గుద్దేవాడు దొరుకుతాడని అర్థం. నోటుబుక్కుల కొట్టు మీద 'స్టేషనరీ' చివరి మూడక్షరాల్లో మొదటిది 'ఇ' కావాలి. 'ఎ' రాస్తే కదలకుండా నిలబడినదని అర్థం. కొట్టు కదలదు గనుక దాన్ని అబద్ధమనలేం.

ఊళ్ల పేర్ల దగ్గర తప్పూ ఒప్పూ కలిసి కాపురం చేస్తాయి. తెలుగులో 'వ' ఒక్కటే, ఇంగ్లీషులో దానికి రెండక్షరాలు పోటీ. వనపర్తి డబ్ల్యూతో మొదలవుతుంది. విజయవాడ ఎవరినీ నొప్పించకుండా మొదట 'వి', మధ్యలో డబ్ల్యూ పెట్టుకుంది. 'టి' అంటే తెలుగు చెవికి 'ట' కాబట్టి 'త' కోసం పక్కన 'హెచ్' చేరుతుంది. వనపర్తిలో అదుంది, లతలో, గీతలో కూడా ఉంది. ఉత్తరాదివాళ్లు దాన్ని 'థ' అని ఒత్తి పలుకుతారు. నిజంగా 'థ' రాయాల్సి వస్తే మనకు వేరే అక్షరం మిగలదు, కథకూ ఆ హెచ్చే గతి.

తెలుగు మాట అచ్చుతో ముగియాలంటుంది, అందుకే బస్ బస్సైంది, కరెంట్ కరెంటైంది. ఇంగ్లీషులో గోపాల్‌పేట చివర 'ఎ' పెట్టేవాళ్లూ ఉన్నారు, 'టి'తో ఆపేసేవాళ్లూ ఉన్నారు. ఒకే ఇంట్లో ఒకరి ఆధార్ కార్డు మీద ఆ 'ఎ' ఉండి, ఇంకొకరి కార్డు మీద లేకపోతే, ఫారం నింపేవాడు తలెత్తి అడుగుతాడు: "ఇద్దరిదీ ఒకటే ఊరా?"