పనిచేస్తుందా సార్?

దసరాకి మా టీవీ తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి పడింది. సంక్రాంతికి మూడయ్యాయి. వార్తలు చదివే అమ్మాయి నుదుటి మీద అవి నామాల్లా దిగేసరికి మా ఆవిడ "ఇక దీన్ని సాగనంపండి" అంది.

మా ఇంట్లో కరెంటు సామాను సాగనంపడమంటే అటక ఎక్కించడమే. మోగని ల్యాండ్‌లైను, జార్లు పోయి మోటారు మిగిలిన మిక్సీ, దేనికోసం కొన్నామో మరిచిపోయిన స్టెబిలైజరు, ఏ ఫోనుకీ పట్టని పదకొండు ఛార్జర్లు ఇప్పటికే అక్కడ కాపురం ఉన్నాయి. టోక్యో ఒలింపిక్స్‌కి జపాన్ వాళ్లు సుమారు 5,000 పతకాల్ని జనం ఇచ్చిన పాత ఫోన్లు, చిన్నాచితకా సామాన్లలోంచి తీసిన లోహంతోనే పోశారు. బంగారమే 32 కిలోలు దొరికింది. ఆ లెక్కన మా అటక మీద కాంస్యానికి ఢోకా లేదు.

సరే, ఈసారి పద్ధతిగా చేద్దామని ఓ పెద్ద షోరూముకి వెళ్లాను. గుమ్మంలోనే ఆకుపచ్చ భూగోళం బొమ్మ. కింద "మీ పాత టీవీ తెండి, భూమిని కాపాడండి" అని బోర్డు.

"పనిచేస్తుందా సార్?" అన్నాడు కుర్రాడు.

"పనిచేస్తే నీ దగ్గరికెందుకొస్తాను బాబూ?"

"పనిచేస్తే మూడువేలు, చెయ్యకపోతే ఐదొందలు సార్."

"మూడు గీతలున్నాయి. వాటి సందుల్లోంచి బాగానే కనిపిస్తుంది."

"అయితే చెయ్యనట్టే సార్. రిమోటుందా? స్టాండు? డబ్బా ఉంటే ఇంకో రెండొందలు."

భూమిని కాపాడ్డానికి రిమోటు కావాలని నాకప్పటిదాకా తెలీదు. "పోనీ, కొత్తది కొనను. ఇది ఊరికే ఇచ్చేస్తాను, తీసుకుంటారా?" అన్నాను. పిల్ల వద్దు, కట్నం చాలన్నవాణ్ని చూసినట్టు చూశాడు. యూరప్‌లో ఎలక్ట్రికల్ సరుకు 400 చదరపు మీటర్లకు తగ్గకుండా పరిచిన కొట్టయితే, జానెడు సామాన్ని ఏమీ కొనకపోయినా ఉచితంగా తీసుకోవాలని రూలు. ఈ సంగతి చెబితే కుర్రాడు మేనేజరుని పిలిచాడు.

మేనేజరు మర్యాదస్తుడు. నన్ను పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "అసలు పాతది ఇవ్వకండి సార్. ఎక్స్‌ఛేంజ్ లేకుండా అయితే నాలుగువేలు తగ్గిస్తాను."

ఆకుపచ్చ భూగోళం కింద నిలబడి లెక్క వేసుకున్నాను. ఇస్తే ఐదొందలు, ఇవ్వకపోతే నాలుగువేలు. కొనేశాను.

చట్టం లేక కాదు. ఈ-వ్యర్థాల నిబంధనలు 2011లో రాశారు, 2016లో తిరగరాశారు, 2022లో మళ్లీ రాశారు. 21 రకాల సామాన్లున్న జాబితా 106కి పెరిగింది. అమ్మిన కంపెనీయే పాతదాని బాధ్యత మొయ్యాలన్నారు. మొయ్యడమంటే మా మూడో అంతస్తు నుంచి మోసుకెళ్లడమనుకునేరు! రిజిస్టరైన రీసైక్లరు ఎక్కడో సరుకుని విడగొట్టి లోహం తీస్తాడు, దాని మీద సర్టిఫికెట్ పుడుతుంది, కంపెనీ ఆ సర్టిఫికెట్ కొనుక్కుంటుంది. ఆవు కనబడకుండా నూటపదహార్లు చేతిలో పెట్టి గోదానం కానివ్వడం మనకి కొత్తేమీ కాదు కదా. ఆ దక్షిణ కిలోకి కనీసం 22 రూపాయలైనా ఉండాలని కేంద్రం అనేసరికి, అంత ఇచ్చుకోలేమని కొన్ని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి.

ఆదివారం పొద్దున వీధిలోకి మైకు ఆటో వచ్చింది. "పాత టీవీలు కొంటాం, పాత కూలర్లు కొంటాం, పాత ఫ్రిజ్‌లు కొంటాం..." పిలవగానే పైకొచ్చాడు. పనిచేస్తుందా అని అడగని మొదటి మనిషి. "నడ్వకున్నా తీస్కుంట సార్" అన్నాడు. బాల్కనీలో తుప్పు పట్టిన కూలర్ని కొక్కెం కాటాకి తగిలించి, కిలోకి పాతిక చొప్పున లెక్కగట్టి చేతిలో పెట్టాడు. ఏ కోర్టుకీ వెళ్లలేదు.

"టీవీకి రెండొందలిస్త."

మా ఆవిడ మూడొందలంది. బేరం తెగేలోపు నేను ఊరుకోలేక "ఇందులో వైర్లవీ ఏంచేస్తారు?" అనడిగాను.

"సేటు కాడ కాలవెడ్తరు సార్. రాగి మిగుల్తది."

"పొగ?"

"గాలికి పోతది."

శనక్కాయలు వేయించే సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పి, రెండుసార్లు దగ్గాడు. టీవీ ఇవ్వబుద్ధి కాలేదు. అతను నన్ను జాలిగా చూసి, కూలరు భుజానికెత్తుకుని మెట్లు దిగిపోయాడు. మా ఆవిడ కూడా చూసింది, జాలిగా కాదు.

సాయంత్రం కొత్త టీవీ వచ్చింది. బిగించిన కుర్రాడు వెళ్తూ వెళ్తూ "డబ్బా జాగ్రత్త సార్, ఎక్స్‌ఛేంజ్‌కి రేటొస్తది" అన్నాడు. డబ్బా మీద కూడా ఆకుపచ్చ భూగోళం ఉంది, దాని పక్కనే చక్రాల చెత్తబుట్ట మీద అడ్డంగా కొట్టేసిన గీతలు. దీన్ని చెత్తలో వెయ్యకూడదని దానర్థం.

వెయ్యలేదు. పాత టీవీ కొత్త టీవీ డబ్బాలో చక్కగా పట్టింది. స్టెబిలైజర్ని మూలకి జరిపి, డబ్బాని అటక మీదికి తోస్తుంటే, కింద స్టూలు పట్టుకున్న మా ఆవిడ అడిగింది: "రిమోటు లోపలే పెట్టారా?"