వదిన సంచి సర్దుతోంది

మా వదిన ఎల్లుండి ప్రయాణమంటే ఇవాళ్టి నుంచే నట్టింట్లో కాలు పెట్టే చోటుండదు. ప్రయాణమంటే ఏ కాశీకో అనుకునేరు. శావల్యాపురం నుంచి కోటప్పకొండకి. పొద్దున్నే బయల్దేరితే త్రికూటేశ్వరుణ్ణి చూసుకుని, ఘాట్ రోడ్డులో పార్కు దగ్గర పిల్లల్ని కాసేపు ఆడించి, దీపాలవేళకి ఇల్లు చేరొచ్చు. ఈ మాత్రానికి నాలుగు సంచులు. శివరాత్రి తిరునాళ్లకి ఊరంతా కలిసి ప్రభ కదిలించేటప్పుడు కూడా ఇంత హడావుడి ఉండదు.

ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. వదిన కాకపోతే అక్క, అక్క కాకపోతే పిన్ని. మీ ఇంట్లో లేరంటే ఆ మనిషి మీరే అయ్యుంటారు.

నాలుగింట్లో నీలం సంచి చిన్నోడిది. వాడికింకా ఏడాదిన్నర నిండలేదు. వాడికి మూడు జతల బట్టలు. మొదటి జత తడిపితే రెండోది, రెండోది తొడుగుతుండగానే తడిపితే మూడోది. “మరి మూడోదీ తడిపితేనో?” అన్నాను, ఎగతాళిగానే. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, లోపలికెళ్లి నాలుగో జత తెచ్చింది. ఆ తర్వాత సంచులు సర్దేవేళ నేను నోరు తెరిస్తే చాలు, అన్నయ్య దూరం నుంచే దండం పెడతాడు.

అదే సంచిలో ఇంకా డైపర్లు, డైపరు పడని పూటకి పాత లంగోటాలు, రబ్బరు షీటు, తడి గుడ్డలకొక కవరు, ఆ కవరు చిరిగితే వేయడానికి ఇంకో కవరు. గోళ్లు తీసే కత్తెర. కొండెక్కి పిల్లాడి గోళ్లు ఎవరు తీస్తారు? “వాడు మొహం గీరుకుంటే అప్పుడు చెప్తా.” కాటుక డబ్బా దిష్టిచుక్కకి. చెమటకి ఆ చుక్క కారిపోతుంది కాబట్టి తుడవడానికి మెత్తటి గుడ్డ, తుడిచాక మళ్లీ పెట్టడానికి కాటుక డబ్బా ఉండనే ఉంది. పైన జేబులో పిల్లాడి టీకాల కార్డు. “గుళ్లో అడుగుతారా వదినా?” అంటే, “దోవలో జొరమొచ్చిద్ది. డాక్టరు ఏం టీకాలేశారంటాడు. నువ్వు చెప్తావా అబ్బాయ్?” అంది. నాకు నా టీకాలే తెలియవు.

ఆవిడతో వాదించడం దండగ. అటువైపు ఎప్పుడూ ఒకటే మాట: “అవసరమొస్తే?” ఆవిడ ఊహలో మా చిన్నోడు ఒకే పూటలో వాంతి చేసుకుంటాడు, బురదలో పడతాడు, చీమ చేత కుట్టించుకుంటాడు, ఎండదెబ్బ తింటాడు, వానలో తడుస్తాడు. రెంటచింతల ఎండ గురించి ఏటా పేపర్లో చదువుకునే జిల్లా మాది. అలాంటి చోట గొడుగు, టోపీ, రెండు సీసాల నీళ్ల పక్కనే ఒక స్వెటరు కూడా ఉంటుంది. పిల్లాడు భుజం మీద కక్కితే మార్చుకోవడానికి అన్నయ్యకొక చొక్కా. అన్నయ్య చొక్కా మార్చుకుంటుండగా పిల్లాణ్ణి ఎత్తుకునేది నేనే కాబట్టి నాకూ ఒకటి. దానిమీద మాత్రం నేనెప్పుడూ జోకు వేయలేదు.

ఇక ఫ్లాస్కులు. ఒకటి వేడినీళ్లది, ఒకటి కాచి చల్లార్చినది. పాలపొడి మాత్రం ఒక్కో పూటకీ కొలిచి చిన్నచిన్న డబ్బాల్లో విడివిడిగా పోస్తుంది. ఇంట్లోనే పాలు కలిపి సీసాలో పోసుకుంటే ఒక సంచి తగ్గుతుంది కదా అని అందరిలాగే నేనూ అన్నాను. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలట. డబ్బా మీద ఉన్న చిన్న అక్షరాలన్నీ చదివిన మనిషి మా ఇంట్లో ఆవిడొక్కతే.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మీద కూడా వెక్కిరిద్దామనే మొదలుపెట్టాను. ఆ ప్యాకెట్టుకో లీటరు సీసా జత. ఎందుకంటే సగం పొడి గ్లాసులో కలిపితే లెక్క తప్పుతుంది, మొత్తం ప్యాకెట్టు లీటరు నీళ్లలోనే కలపాలి, కలిపింది ఆ రోజుకే వాడాలి. సరే, ఈ పొడి సంగతేమిటో చూసి ఆవిడకే పాఠం చెబుదామని వెతికితే 1971 దగ్గర తేలాను. బంగ్లాదేశ్ కాందిశీకులు సరిహద్దు దాటి వచ్చిపడ్డారు. బన్‌గావ్ శిబిరంలో కలరా. ఎక్కించడానికి సెలైన్ సీసాలు చాలవు. దిలీప్ మహలనాబిస్ అనే డాక్టరు ఉప్పూ సోడా గ్లూకోజూ కొలతగా కలిపిన నీళ్లు డ్రముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే గ్లాసులతో తాగించాడు. చావులు బాగా తగ్గాయి. ఇది చదివాక ఆ ప్యాకెట్టు జోలికి పోలేదు. గోళ్ల కత్తెర మీద మాత్రం నాది పాతమాటే.

ఈ సంచులన్నీ చూసి మా అమ్మ పెదవి విరుస్తుంది. మా ఊరి రైలు లైను మీటరుగేజీగా ఉన్న రోజుల్లో ఆవిడ మా ఇద్దర్నీ వేసుకుని పుట్టింటికి పోయేదట. ఒక చెంబు, ఒక తువ్వాలు, ఒక పాత నేతచీర. అంతే సామాను. ఆ చీర రైల్లో పక్క, చెట్టుకింద ఊయల, ఎండకి నెత్తిమీద ముసుగు, పాలిచ్చేటప్పుడు చాటు. తడిస్తే కిటికీ ఊచకి కడితే వినుకొండ వచ్చేలోపు ఆరేది. “మేం పెంచలేదా?” అంటుంది. అనడానికి అంటుంది గానీ, వదిన జిప్పు వేసే ముందు కొంగు చాటు నుంచి ఒక పొట్లం తీసి సంచి మూలకి తోస్తుంది. అందులో వాము, వసకొమ్ము. పిల్లాడికి వస అరగదీసి పెట్టొద్దన్నారని డాక్టరమ్మ మాటగా వదిన ఎన్నోసార్లు చెప్పింది. పొట్లం తీసేయదు. వాడదు కూడా. అలా ఆ వసకొమ్ము పల్నాడంతా తిరిగింది.

అన్నయ్య పని జిప్పు. సంచి మీద మోకాలు పెట్టి, ఊపిరి బిగబట్టి లాగడం. జిప్పు పడ్డ మరుక్షణం వదినకి దువ్వెన గుర్తొస్తుంది.

రైల్వేవాళ్ల లెక్క ప్రకారం సెకండ్ క్లాసు టికెట్టు మీద 35 కిలోల సామాను ఉచితంగా తీసుకెళ్లొచ్చు, స్లీపరయితే 40. ఐదేళ్లలోపు పిల్లలకి టికెట్టే లేదు. అంటే మా చిన్నోడు రైల్వే దృష్టిలో ప్రయాణికుడే కాడు, వాడి వాటాకి ఒక్క కిలో కూడా రాదు. సామాను చూస్తే ముప్పాతిక భాగం వాడిదే. నరసరావుపేటలో దిగి కొండ బస్సెక్కితే ఇంకో న్యాయం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం కదా. వదిన, అమ్మ, పెద్దపిల్ల ఆధారు చూపించి దర్జాగా కూర్చుంటారు. డబ్బులిచ్చి టికెట్టు కొన్నది నేనూ అన్నయ్యా. సంచులు పట్టుకుని నిలబడేదీ మేమే.

కొండ మీద ఆవిడ మీద గెలుద్దామని ఒకసారి ఆనందవల్లి కథ ఎత్తాను. కథ మీకు తెలిసిందే. నిండుచూలాలు గొల్లభామ, రోజూ కొండెక్కి శివుడికి సేవ చేసేది. ఒకనాడు కాకి వాలి ఆమె బిందె ఒలకబోసింది. కాకులు ఈ కొండకి రాకూడదని శపించింది. ఇవాళ్టికీ కోటప్పకొండ మీద కాకి వాలదంటారు. “చూశావా వదినా, కడుపుతో ఉండి కూడా ఒక్క బిందెతో ఎక్కింది మహాతల్లి” అన్నాను. వదిన సంచిలోంచి తల ఎత్తకుండానే, “ఇంకో బిందె తెచ్చుకునుంటే ఆ కాకులకి శాపం తప్పేది గందా” అంది. పక్కనున్న పూజారిగారు కూడా నవ్వారు. కాకులకైతే శాపముంది గానీ కోతులకి లేదు. వాటి కోసం ఆవిడ విడిగా అరటిపళ్లు తెస్తుంది, మంచి సంచి జోలికి రాకుండా. లంచమన్నమాట.

విసుగెక్కడంటే, ఇంత దూరం వచ్చి ఆవిడ ఏదీ చూడదు. అమరావతిలో 125 అడుగుల ధ్యానబుద్ధుడి కింద మేమంతా ఫొటోలు దిగుతుంటే ఆవిడ సెరెలాక్ చెంచా వెతుకుతోంది. తర్వాత మేం తిరిగొచ్చిన ఊళ్ల పేరెత్తితే ఆవిడ జ్ఞాపకాలు వేరు. సూర్యలంక అంటే మనకి సముద్రం, ఆవిడకి పొడిబట్ట మిగలని చోటు. సాగర్ అంటే చిన్నోడి టోపీ గాలికి కొట్టుకుపోయిన ఊరు. ఎత్తిపోతల అంటే డైపర్లు అయిపోయిన జలపాతం. మా వైపు పటం ఆవిడ చేత గీయిస్తే ఊళ్ల పేర్లకి బదులు అయిపోయిన వస్తువుల పేర్లుంటాయి.

అయిపోవడానికి కారణం మా పిల్లలు కాదు. ఆ సంచి మా ఇంటిది మాత్రమే అయితే సాయంత్రానికి సగం మిగలాలి. క్యూలో ఎవరిదో పాప ఏడుస్తుంది, వేడినీళ్లు పోతాయి. మెట్ల మీద ఎవరో ముసలాయన బొటనవేలు కొట్టుకుంటాడు, దూదీ ప్లాస్టరూ పోతాయి. చెప్పు తెగిన కాలేజీ పిల్లకి పిన్నీసు. బస్సులో కడుపు తిప్పుతోందన్న పెద్దావిడకి మా అమ్మ పొట్లంలోంచి వాము. అదొక్కసారే ఆ పొట్లం పనికొచ్చింది, అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. “ఇన్ని సంచులెందుకే” అని దారంతా సణిగిన అన్నయ్య, ఎండకి తలనొప్పి మొదలవగానే “అమృతాంజనం తెచ్చావా?” అని గొంతు తగ్గించి అడుగుతాడు. వదిన మాట్లాడదు. సీసా తీసి ఇస్తుంది, మూత కూడా తనే తీసి. ఆ మాట్లాడకపోవడమే అన్నయ్యకి తలనొప్పికన్నా ఎక్కువ.

నా బ్యాగు గురించి మీకెందుకులెండి. రెండు ఛార్జర్లు, ఒక పవర్ బ్యాంకు, అది పని చేయకపోతే ఇంకోటి. అవి వేరే లెక్క.

వచ్చే ఆదివారం వినుకొండ కొండమీద రామలింగేశ్వరస్వామి గుడికి అనుకుంటున్నారు. ఇవాళ పొద్దున చూస్తే నీలం సంచి అప్పుడే నట్టింట్లోకి వచ్చింది. ఆరోజు మీరు మా రైలు పెట్టెలో ఎక్కితే ఒక్క మనవి. కాళ్లకి అడ్డమొచ్చినా సరే ఆ సంచి పక్కకి జరపకండి. ప్లాస్టరో, పిన్నీసో, వేడినీళ్లో కావాలంటే మొహమాటపడకుండా అడగండి, ఇస్తుంది. మీరే చెయ్యిపెట్టి వెతకొద్దు.