బహుభాషా కోవిదుడి చిల్లర

పి.వి. నరసింహారావుగారిని అందరూ బహుభాషా కోవిదుడని పొగుడుతుంటే చిన్నప్పుడు నాకు లోలోపల కాస్త కుళ్లుగా ఉండేది. ఇంటర్లో సంస్కృతం తీసుకుని తొంభై తొమ్మిది మార్కులు కొట్టాక, ఆ బిరుదు నాకూ ఎంతో దూరంలో లేదనుకున్నాను. సంస్కృతంలో మంచినీళ్లు అడగడం రాదనుకోండి, అది వేరే సంగతి. మీరూ ఆ బాపతే అయితే నవ్వకండి.

పీహెచ్‌డీకి లక్సెంబర్గ్‌లో సీటొచ్చేసరికి ఆ పాత కోరిక లేచి కూర్చుంది. దేశం మొత్తం కలిపి 2,586 చదరపు కిలోమీటర్లే గానీ, భాషలకి కరువు లేదు. 1984 చట్టం ప్రకారం జాతీయ భాష లక్సెంబర్గిష్. ఆఫీసుల్లో ఫ్రెంచి, జర్మన్ కూడా చెల్లుతాయి. చట్టాలు మాత్రం ఫ్రెంచిలో రాసుకుంటారు. మా యూనివర్సిటీ బెల్వాల్‌లో, పాత ఉక్కు ఫ్యాక్టరీ కొలిముల పక్కన ఉంది. అక్కడ నా పని ఇంగ్లీషుతో నడిచిపోతుంది. నడిస్తే నేనూరుకుంటానా? సాయంత్రం జర్మన్ క్లాసు, శనివారం ఫ్రెంచి క్లాసు, బస్సులో లక్సెంబర్గిష్ పుస్తకం. టికెట్ కొనేటప్పుడైనా నాలుగు ముక్కలు మాట్లాడదామంటే, 2020 నుంచి ఇక్కడ బస్సూ రైలూ ట్రామూ అన్నీ ఉచితం!

చిక్కెక్కడొచ్చిందంటే, నా బుర్రలో ఉన్నవి రెండే అరలు: ఒకటి తెలుగుకి, రెండోది తక్కిన వాటన్నిటికీ. ఫ్రెంచి మాట కోసం చెయ్యి పెడితే జర్మన్ తగులుతుంది. కంగారుపడ్డానా, హిందీ చేతికొస్తుంది. ఒకరోజు బేకరీలో వరసలో నిలబడి ఫ్రెంచి వాక్యం బట్టీ పట్టి, తీరా నా వంతొచ్చేసరికి "ఏక్ మినిట్" అన్నాను. ఆ అమ్మాయి జాలిపడి ఇంగ్లీషులోకి దిగిపోయింది.

అన్నిటికన్నా అంకెలు ప్రాణం తీస్తాయి. ఇక్కడ పనిచేసేవాళ్లలో రెండు లక్షలమందికి పైగా రోజూ సరిహద్దు దాటి వచ్చిపోయేవాళ్లే. కౌంటర్లో ఉన్నావిడది ఫ్రాన్స్ అయితే తొంభై నాలుగుని నాలుగు ఇరవైలూ పధ్నాలుగూ అంటుంది. బెల్జియం అయితే తొంభైకి 'నోనాంత్' అని వేరే మాట. జర్మన్ మనిషైతే నాలుగు ముందు చెప్పి, తొంభై తర్వాత చెబుతుంది. నేను ఆ కూడిక తేల్చేలోపు వెనక వరస వీధిలోకి వెళ్తుంది. అందుకని బిల్లు ఎంతైనా సరే ఇరవై యూరోల నోటు ఇచ్చేసి, వాళ్లిచ్చిన చిల్లర జేబులో పోసుకుని, అంతా లెక్క చూసుకున్నట్టు తలాడించి బయటపడతాను. కార్డు గీకొచ్చుగా అంటారు. గీకితే నాకు అంకెలు ఎప్పటికి రావాలండీ?

"మీ ఫ్రెంచి ఎంతవరకొచ్చిందో అడగక్కర్లేదు, కోటు తూస్తే తెలిసిపోతుంది" అంటుంది మా ఆవిడ, ఆ చిల్లరంతా తన పోపుల డబ్బా పక్క డబ్బాలో పోసుకుంటూ.

ఆవిడ ఏ క్లాసు గడపా తొక్కలేదు. మా పక్క ఫ్లాట్లో ఓ పోర్చుగీసావిడ ఉంటుంది. ఈ దేశంలో విదేశీయుల్లో వాళ్లే ఎక్కువ. ఆవిడ ఒకరోజు పలకంత ఉప్పుచేప తెచ్చిచ్చింది. మా ఆవిడది గోదావరి జిల్లా, ఉప్పుచేప కనబడితే వదుల్తుందా? ఎంతసేపు నానెయ్యాలి, నీళ్లెన్నిసార్లు మార్చాలి అని సింకు దగ్గర ఇద్దరూ చెరో భాషలో మొదలెట్టారు. ఇప్పుడు అద్దెల గురించీ అత్తగార్ల గురించీ గంటలకొద్దీ పోర్చుగీసులోనే. మధ్యమధ్య నా పేరు వినబడుతుంది, తర్వాత ఇద్దరూ నవ్వుతారు. ఏమంటున్నారో నాకు తెలీదు. పప్పుచారులోకి ఆ చేప మాత్రం దివ్యంగా ఉంటుంది.

ఇక మా పిల్ల. బళ్లో అక్షరాలు జర్మన్‌లో నేర్పుతారు, ఆటలూ దెబ్బలాటలూ లక్సెంబర్గిష్‌లో, ఆపైన ఫ్రెంచి. ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి ఎప్పుడు దూకుతుందో దానికే తెలీదు. మొన్న టీచర్ని కలవడానికి వెళ్తే గేటు దగ్గరే నా చెయ్యి పట్టుకు ఆపి, "నాన్నా, నువ్వు నవ్వితే చాలు. అమ్మ మాట్లాడుతుంది" అంది. వాళ్లమ్మ మాట్లాడింది. నేను నవ్వాను.

ముందుముందు ఇక్కడ పౌరసత్వం కావాలంటే లక్సెంబర్గిష్ పరీక్ష రాయాలి. మాట్లాడ్డం ఏ2 స్థాయిలో వస్తే సరిపోతుంది, వినడం మాత్రం ఒక మెట్టు పైన, బీ1 అడుగుతారు.

"తక్కువ మాట్లాడాలి, ఎక్కువ వినాలి, అంతేగా! పెళ్లయిన దగ్గర్నించీ నేను చేస్తున్నదదే. ఇట్టే పాసైపోతాను" అన్నాను మా ఆవిడతో.

"వినడంలోనే పోతారు" అంది. "పొద్దున పాలు తెమ్మన్నాను, ఏవీ?"