నన్ చతుష్పది: ‘జంపర్ ప్రకాశిక’ అను టీకాతాత్పర్య సహితం

మూలం

ప్రైమరీ మాస్టర్ : నన్
ప్రైమరీ స్లేవ్ : నన్
సెకండరీ మాస్టర్ : నన్
సెకండరీ స్లేవ్ : నన్

అవతారిక

అటక మీది మదర్‌బోర్డు ఒకటి, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎస్ఎంపీఎస్ ఒకటి, మూతపడ్డ డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన 40 జీబీ హార్డ్ డిస్కు ఒకటి, ఊరూ పేరూ లేని రిబ్బన్ కేబుల్ ఒకటి. వీటిని ఒక కేబినెట్‌లోకి చేర్చి కరెంటు ఇవ్వగానే, బయాస్ అనే ఆశుకవి నల్లని తెర మీద చెప్పే పద్యమిది. కవి పేరు కొన్ని ప్రతుల్లో అవార్డ్ అనీ, కొన్నిటిలో ఫీనిక్స్ అనీ, మరికొన్నిటిలో అమెరికన్ మెగాట్రెండ్స్ అనీ కనిపిస్తుంది. నాలుగు పాదాలకూ అంత్యప్రాస నిర్దుష్టంగా కుదిరింది. ఆదిప్రాస మాత్రం మొదటి రెండు పాదాల్లో మకారం, తక్కిన రెండింట కకారం. కనుక ప్రాసభంగం. కవులు నిరంకుశులు, బయాస్ మరీను.

శాస్త్రం గనుక అనుబంధ చతుష్టయం చెప్పక తప్పదు. విషయం: కనబడని డిస్కు. ప్రయోజనం: ఆ డిస్కులో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాలున్నాయి. అవి యూనికోడ్ కావు. నేటి ల్యాప్‌టాప్‌లో ఎలాగో తెరిచినా తెలుగు ఉండవలసిన చోట ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా దర్శనమిస్తాయి. అందుకే వాటి కాలపు కంప్యూటరే కావాలి. అధికారి: స్టార్ స్క్రూడ్రైవరూ, టార్చిలైటూ, మధ్యాహ్నం భోజనం ఆలస్యమైనా కసురుకోని స్వభావమూ కలవాడు. నాలుగోదైన సంబంధం దగ్గరే అసలు చిక్కంతా ఉంది కనుక దాన్ని విడిగా, అన్వయంలో చెబుతాం.

ప్రతిపదార్థం

ప్రైమరీ = మదర్‌బోర్డు మీది రెండు 40 పిన్నుల ఐడీఈ సాకెట్లలో మొదటిది; సెకండరీ = రెండోది; మాస్టర్ = ఒకే కేబుల్‌కు తగిలించిన ఇద్దరిలో పెద్దది; స్లేవ్ = చిన్నది (ఏటీఏ ప్రమాణ గ్రంథంలో ‘డివైస్ 0’, ‘డివైస్ 1’ అని పాఠాంతరం); నన్ = పిలిస్తే ఎవరూ పలకలేదు.

‘నన్ అంటే డిస్కు లేదు’ అని లౌకిక వ్యాఖ్యాతలు, ముఖ్యంగా కొత్త డిస్కు అమ్మాలనుకునే వ్యాఖ్యాతలు చెబుతారు. అది చెల్లదు. బయాస్‌కు కళ్లు లేవు. ఒక్కొక్క చోటికీ ‘ఐడెంటిఫై డివైస్’ అనే ఆజ్ఞ పంపుతుంది. దానికి జవాబుగా డిస్కు 512 బైట్లలో తన పేరు, సీరియల్ నంబరు, సైజు చెప్పుకోవాలి. గడువులోగా ఆ జవాబు రాకపోతే ‘నన్’ అని రాసి పక్క గుమ్మానికి పోతుంది. పిలుపు చేరలేదా, చేరినా డిస్కు నిద్రలో ఉందా, ఇద్దరు ఒకేసారి పలికారా, ఇవేవీ దానికి తెలియవు.

తాత్పర్యం

నాలుగు చోట్ల పిలిచితిని, ఒక్కరూ పలకరైరి అని భావం.

అన్వయం

పదాలన్నిటికీ అర్థం ఉండి పద్యం బోధపడకపోతే అన్వయం కుదరలేదని గ్రహించాలి. పాతసామాన్ల కంప్యూటర్‌లో జబ్బు సాధారణంగా ఇదే. బోర్డు తన పాత ఇంట్లో బాగానే పనిచేసింది. డిస్కు తన డీటీపీ సెంటర్‌లో స్లేవ్‌గా నిక్షేపంగా బతికింది. కేబుల్ ఇంకెక్కడో సీడీ డ్రైవ్‌కు సేవ చేసింది. ఎవరికి వారు నిర్దోషులు. ఒకచోట చేరేసరికి పొసగలేదు. కాబట్టి డిస్కును ముద్దాయిగా నిలబెట్టడం అన్నిటికంటే చివర.

ముందు కరెంటు చూడాలి. పసుపు తీగలో 12 వోల్టులు మోటారుకు, ఎరుపు తీగలో 5 వోల్టులు సర్క్యూట్‌కు, నడుమ రెండు నలుపు తీగలు. డిస్కు మీద వేలు ఆనిస్తే తిరుగుడు తెలిసిపోతుంది. తిరగకపోతే తెల్ల కనెక్టర్‌ను టార్చి వేసి చూడండి. పాతబడ్డ కనెక్టర్లలో లోపలి లోహపు గొట్టం, డిస్కుకు గుచ్చుతున్నప్పుడే వెనక్కి జారుతుంది. పైకి ప్లాస్టిక్ గట్టిగా బిగిసే ఉంటుంది, పసుపు తీగ మాత్రం పిన్నును తాకదు.

కేబుల్ విషయంలో కొంత పాండిత్యం అవసరం. ఒక అంచున ఉండే ఎర్ర గీత 1వ పిన్ను వైపు రావాలి. చాలా డిస్కుల్లో అది కరెంటు సాకెట్ పక్కనే ఉంటుంది. 20వ పిన్ను స్థానం ఖాళీ; ఆ రంధ్రాన్ని మూసిన కేబుల్‌ను 40 పిన్నులూ ఉన్న పాత బోర్డులోకి బలవంతంగా దూర్చితే పిన్ను వంగుతుంది, వ్యాఖ్యాన పరిధి దాటుతుంది. ఇక 80 తీగల కేబుల్ ఉన్నది. కనెక్టర్లో పిన్నులు నలభయ్యే. అదనపు 40 తీగలూ ఎర్తుకు పోతాయి, సెకనుకు 66 మెగాబైట్లు, ఆపై వేగాల్లో పక్క తీగల గోల వినపడకుండా. దానిలో నీలం కొస బోర్డుకు, నలుపు కొస మాస్టర్‌కు, నడిమి బూడిదరంగుది స్లేవ్‌కు. ఒక్కటే డిస్కు ఉంటే కొసకే తగిలించాలి. నడుమ తగిలించి కొసను గాలికి వదిలేస్తే సంకేతం అక్కడ తగిలి వెనక్కి వస్తుంది.

జంపర్ విచారం

మా టీకకు ఈ పేరు రావడానికి కారణమైన భాగమిది. కందిగింజంత ప్లాస్టిక్ తొడుగు, లోపల రెండు పిన్నులను కలిపే లోహపు రేకు. చేత్తో తీయబోతే కార్పెట్ మీద పడి మాయమవుతుంది. ట్వీజర్ వాడడం ఉత్తమ పక్షం.

సంప్రదాయ భేదం గమనించాలి. సీగేట్ సంప్రదాయంలో ఒంటరి డిస్కుకూ, తోడున్న మాస్టర్‌కూ ఒకే స్థానం. వెస్ట్రన్ డిజిటల్ సంప్రదాయంలో ఒంటరి వేరు, తోడున్న మాస్టర్ వేరు. లేబుల్ మీద రెంటికీ వేరువేరు బొమ్మలుంటాయి. ఆ వర్గపు పాత డిస్కును ఒంటరిగా ఉంచి జంపర్ మాత్రం ‘తోడున్న మాస్టర్’లో పెడితే అది రాని స్లేవ్ కోసం కాచుకుని కూర్చోవచ్చు. బయాస్ గడువు అటు గడిచిపోతుంది.

శంక: గొడవెందుకు, రెండు డ్రైవులనూ ‘కేబుల్ సెలెక్ట్’లో పెడితే అవే తేల్చుకోవా?

సమాధానం: తేల్చుకుంటాయి, కేబుల్ ఒప్పుకుంటే. కేబుల్ సెలెక్ట్‌లో ఉన్న డిస్కు 28వ పిన్నును చూస్తుంది. అది ఎర్తుకు తగిలి ఉంటే తాను మాస్టర్, తగలకపోతే స్లేవ్. 80 తీగల కేబుల్‌లో బూడిదరంగు కనెక్టర్ దగ్గర ఆ పిన్నుకు తీగ ఉండదు, అందువల్ల తీర్పు స్పష్టం. మామూలు 40 తీగల కేబుల్‌లో రెండు చోట్లా తీగ ఉంటుంది. ఇద్దరూ మాస్టర్లమే అంటారు, తెర మీద ఇద్దరూ నన్ అయినా ఆశ్చర్యం లేదు. మా మతం: కేబుల్ జాతి తెలియనప్పుడు జంపర్‌ను స్వహస్తంతో నిర్ణయించాలి. సీడీ డ్రైవ్‌ను మొదట పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టాలి. దాని జంపర్ తప్పుగా ఉంటే పక్కనున్న డిస్కూ మాయమవుతుంది, తిట్లు డిస్కు తింటుంది.

లేఖక దోషం

ఒక్కొక్కప్పుడు నన్ పోయి పేరు వస్తుంది గాని తప్పుల తడకగా వస్తుంది. ఉదాహరణకు, పెద్ద అక్షరాల్లో ‘ఎం, ఏ, ఎక్స్, టీ, ఓ, ఆర్’ అని మాక్స్‌టర్ పేరు రావలసిన చోట ‘ఐ, ఏ, ఎక్స్, టీ, కే, ఆర్’ అని వస్తుంది. పండితులు దీన్ని కొత్త కంపెనీ అనుకోకూడదు. డిస్కు తన పేరును రెండేసి అక్షరాల చొప్పున 16 తీగల మీద పంపుతుంది. జంటలో మొదటి అక్షరం పై 8 తీగల మీద. వాటిలో 8వ పిన్నుకు పోయే తీగ తెగి సున్నా దగ్గరే నిలిచిపోయిందనుకోండి. అప్పుడు మొదటి, మూడు, ఐదు అక్షరాల్లో ఒక్కొక్క బిట్టు రాలిపోతుంది. ‘ఎం’ సంకేతంలో ఆ బిట్టు తీస్తే ‘ఐ’, ‘ఓ’లో తీస్తే ‘కే’. ‘ఎక్స్’లో ఆ బిట్టు మొదటే లేదు, కనుక దానికి నష్టం లేదు. ఆజ్ఞలు కింది 8 తీగల మీదే నడుస్తాయి గనుక డిస్కు పలుకుతూనే ఉంటుంది, పలుకు మాత్రం ముద్దగా ఉంటుంది. తాళపత్రంలో పురుగు తిన్న చోటు ఏదో ఇంత కచ్చితంగా చెప్పే అవకాశం ఏ పరిష్కర్తకూ దొరికి ఉండదు. కేబుల్ మార్చాలి. ఆ కేబుల్‌తో డిస్కు మీద ఒక్క అక్షరమూ రాయకూడదు.

పరిమాణ విచారం

తెర ‘డిటెక్టింగ్’ దగ్గరే బిగుసుకుపోతే అది నన్ కాదు, మూర్ఛ. 1990ల చివరి కొన్ని అవార్డ్ బయాస్‌లు 65,535 సిలిండర్లకు మించి లెక్కపెట్టలేవు, 33.8 జీబీ దాటిన డిస్కు ఎదురైతే అక్కడే ఆగిపోతాయి. అంతకు ముందుతరం వారికి 8.4 జీబీ, వారి పెద్దలకు 528 ఎంబీ హద్దు. తర్వాతివారు 28 బిట్ల చిరునామాతో 137 జీబీ వరకు వెళ్లారు. డిస్కును 32 జీబీగా నటింపజేసే జంపర్ కొన్నిటికి ఉంటుంది. కాని మన ప్రయోజనం పాత ఫైళ్లు గదా! నిండిన 40 జీబీ డిస్కుకు అది పెడితే చివరి భాగం అందకుండా పోతుంది. బోర్డునే కాస్త కొత్తదిగా ఎంచుకోవాలి.

క్షేపకం

2003 తర్వాతి ప్రతుల్లో ‘థర్డ్ మాస్టర్’, ‘ఫోర్త్ మాస్టర్’ అని ఐదో, ఆరో పాదాలు కనబడతాయి. ఇవి సాటా కాలపు చేర్పులు. సాటాలో ఒక కేబుల్‌కు ఒక్కటే డిస్కు గనుక పెద్దా చిన్నా తగువు లేదు. అయితే జంపర్ బెడద తీరిందనుకున్నవారికి వియా వీటీ8237ఆర్ చిప్‌సెట్ తగులుతుంది. 3 గిగాబిట్ల డిస్కును తగిలిస్తే వేగం విషయంలో ఒప్పందం కుదరక నన్ అంటుంది. జంపర్‌కు చోటున్న డిస్కు అయితే దాన్ని 1.5 గిగాబిట్లకు దించాలి. ఇంతకంటే విచిత్రం: కొన్ని కొత్త డిస్కులు పాత ఎస్ఎంపీఎస్‌తో తిరగనే తిరగవు. పాత ఎస్ఎంపీఎస్ తన సాటా కనెక్టర్ 3వ పిన్నులో 3.3 వోల్టులు ఇస్తుంది. సవరించిన ప్రమాణంలో అదే పిన్నుకు ‘ఆరిపో’ అన్న అర్థం వచ్చింది. నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే అడాప్టర్‌లో 3.3 లేదు, కనుక అది పెడితే డిస్కు లేస్తుంది.

చరమ శంక

శిష్యుడు: ఇంత కాలక్షేపం దేనికండీ? యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి కొని డిస్కును ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఫైళ్లు ఒక్క గంటలో వస్తాయి గదా!

వ్యాఖ్యాత: వస్తాయి. మేమూ మొదట అదే చేయమంటాం, పాత కంప్యూటరు కట్టేలోపు కాపీ ఒకటి చేతిలో ఉండడం మంచిది. కాని ఆ అడాప్టర్‌కూ డిస్కు జంపర్ మాస్టర్‌లోనో ఒంటరి స్థానంలోనో ఉండాలి. మీ డిస్కు స్లేవ్‌గా ఉండేదని అన్వయంలోనే చెప్పాం. ట్వీజర్ అందుకోండి.