పది వేల మంది ఇష్టం

నలభై దాటిన మనిషి ప్లాస్టిక్ ఇటుకలు ముందేసుకుని కూర్చోవడం తెలివితక్కువ పని అని మా ఊళ్లో చాలామంది అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇప్పటికీ కూర్చుంటూనే ఉన్నాను. నేను చేసిన తెలివితక్కువ పని ఇంకొకటుంది. అది ఇప్పటిదాకా ఇంట్లోవాళ్లకీ, ఆ పని వల్ల బాధపడ్డవాళ్లకీ మాత్రమే చెప్పుకున్నాను.

మాది నెమలి. గంపలగూడెం మండలం, తిరువూరు పక్కన. వేణుగోపాలస్వామి గుడి ఉండబట్టి అటు ఖమ్మం జిల్లా వాళ్లకి కూడా మా ఊరి పేరు తెలుసు. నాకిక్కడ జిరాక్సు, ఆన్‌లైన్ పనుల షాపు ఉంది. పింఛను దరఖాస్తులు, పరీక్షల హాల్ టికెట్లు, కరెంటు బిల్లులు, రైలు టికెట్లు అన్నీ చేస్తాను. చదువు రానివాళ్లు ఫోను తెచ్చి నా చేతిలో పెడతారు. ఓటీపీ వస్తే నన్నే చూసుకోమంటారు. ఫోను నా దగ్గరే వదిలేసి గుడికెళ్లి దండం పెట్టుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. నా బతుకు ఆ నమ్మకం మీదే నడుస్తోంది. ఆ సంగతి తెలిసుండి కూడా చేశాను.

ఇదంతా చిన్నప్పుడు చూసిన ఒక సినిమాతో మొదలైంది. 1991 జూలై 18న 'ఆదిత్య 369' విడుదలైంది. దాన్ని నాన్న నాకు తిరువూరులో చూపించాడు. సింగీతం శ్రీనివాసరావు గారి సినిమా అనీ, హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన నవల దానికి ప్రేరణ అనీ అప్పుడు నాకేం తెలుసు! ఒక యంత్రంలో కూర్చుంటే 1526కి, కృష్ణదేవరాయల కొలువుకి పోవచ్చని తెలిసింది. అక్కణ్నుంచి 2504కి కూడా పోవచ్చని తెలిసింది. తరుణ్ వేసిన పిల్లవాడి వేషం చూస్తుంటే అక్కడున్నది నేనే అనిపించింది. తర్వాత చాలా ఏళ్లు, ఏదైనా తప్పు చేసి దెబ్బలు తిన్న ప్రతిసారీ ఆ యంత్రం ఎక్కి వెనక్కి పోయి ఆ తప్పు చేయకుండా వస్తున్నట్టు ఊహించుకునేవాణ్ని.

లెగో ఇటుకలు నా చేతికి వచ్చింది పెద్దయ్యాకే. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా బావమరిది వాళ్ల పిల్లాడు ఎదిగిపోయాడని ఒక డబ్బానిండా తెచ్చి ఇచ్చాడు. వీటి పుట్టిల్లు డెన్మార్క్‌లోని బిలుండ్ అనే ఊరు. అక్కడ ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మనం చూసే ఇటుకకి 1958 జనవరిలో పేటెంటు అడిగారు. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకకి సరిగ్గా అతుక్కుంటుంది. మా జిల్లాలోనే ఉన్న కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర ముక్కలు చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతికించాక ఆ బొమ్మ ఇక విడిపోదు, దాని అందం అదే. ఈ ఇటుక ఎన్నిసార్లయినా విడిపోయి మళ్లీ ఇంకొకటవుతుంది. నాలాంటి తడబాటు మనిషికి ఇదే నప్పింది. నాలుగు రెండుల గుబ్బలున్న ఇటుకలు ఆరు తీసుకుంటే 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 రకాలుగా కలపొచ్చని లెక్కగట్టారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లెగో కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా సరే, తమకిష్టమైన బొమ్మను తామే రూపకల్పన చేసి పంపొచ్చు. 2008లో జపాన్‌లో 'కూసూ' పేరుతో మొదలై, 2011లో ప్రపంచమంతటికీ తెరుచుకుని, 2014లో 'లెగో ఐడియాస్' అయింది. పది వేల మంది మద్దతిస్తే కంపెనీవాళ్లు కూర్చుని పరిశీలిస్తారు. ఎక్కువ వాటిని కాదంటారు, కొన్నిటిని ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే బొమ్మ అచ్చంగా బజారుకొస్తుంది, రూపకర్తకి అమ్మకాల్లో ఒక శాతం ఇస్తారు. పాత సాహస సినిమాల మీద మమకారంతో జనం పంపినవి ఎన్నో అలా వచ్చాయి. 'బ్యాక్ టు ద ఫ్యూచర్' సినిమాలోని కారు 401 ముక్కలతో 2013లో వచ్చింది. అదీ కాలయంత్రమే! 'ఘోస్ట్‌బస్టర్స్' బండిని ఒక ఆస్ట్రేలియా మనిషి చేశాడు. 'హోమ్ అలోన్' ఇల్లు ఉక్రెయిన్ అబ్బాయిది, 3,955 ముక్కలు. 'జాస్' పడవ ఐర్లండ్ నుంచి వచ్చింది. 'గూనీస్' అని 1985 నాటి సినిమా ఒకటుంది, కొందరు పిల్లలు పాత పటం పట్టుకుని సముద్రదొంగల నిధి వెతుక్కుంటూ పోతారు. గ్రీసు అభిమాని రూపకల్పనతో 2025లో అదీ వచ్చింది, 2,912 ముక్కలు. 

ఈ పేర్లన్నీ చదువుతుంటే నాకొకటే అనిపించింది. వాళ్ల కాలయంత్రం పెట్టెలోకెక్కింది, మన కాలయంత్రం ఎందుకెక్కదు?

తెర మీదే ఇటుకలు పేర్చుకోవడానికి బ్రిక్‌లింక్ వాళ్ల 'స్టూడియో' అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. షాపు మూశాక దాని ముందు కూర్చునేవాణ్ని. సినిమా ఆపి ఆపి చూసి యంత్రం కట్టాను. వంపు తిరిగిన ముక్కలు ఒకదాని పక్కన ఒకటి చేరిస్తే మధ్యలో సందు వచ్చేది. తలుపు తెరుచుకోవాలి, లోపల మనుషులు కూర్చోవాలి, పట్టుకుని పైకెత్తితే విడిపోకూడదు. తెర మీద ఎలాగైనా నిలబడుతుంది, నిజం ఇటుకలతో కడితే కింది బరువు చాలక పక్కకి ఒరిగేది. రాయలవారి కొలువు విడిగా ఒక పీట మీద కట్టాను. రాయలవారి వజ్రానికి, ఒక గుబ్బంత ఉండే పారదర్శకమైన గుండ్రటి ముక్క పెట్టాను. సినిమా కథంతా ఆ వజ్రం చుట్టూనే కదా తిరుగుతుంది. ఆ ముక్క సింహాసనం పక్కన కుదురుకున్న క్షణంలో నాకు కలిగిన సంతోషం నిజమైనది. దాన్ని ఇప్పుడు కూడా చిన్నబుచ్చను.

పంపాను. మొదట 60 రోజుల్లో 100 మంది మద్దతు రావాలి. వస్తే, వెయ్యి చేరుకోవడానికి ఒక ఏడాది గడువిస్తారు. తెలుగువాళ్లం కోట్లమందిమి ఉన్నాం, వంద ఎంత అనుకున్నాను. తెలిసినవాళ్లందరికీ పంపాను. బాగుందన్నారు, చప్పట్ల గుర్తులు పంపారు. మద్దతు ఇవ్వాలంటే ఖాతా తెరవాలి, మెయిలు ధ్రువీకరించాలి. అంత పని ఎవరూ చేయలేదు. రోజులు గడుస్తున్నాయి, అంకె కదలడం లేదు.

అప్పుడు షాపులో నా చేతికొచ్చే ఫోన్ల వైపు చూశాను.

మొదట ఒక పెద్దాయన ఫోనుతో చేశాను. పింఛను స్థితి చూడమని ఇచ్చాడు. చూసి చెప్పాను, ఆ తర్వాత ఆయన మెయిలుతో ఖాతా తెరిచి మద్దతు నొక్కాను. మెయిలు లేనివాళ్లకి నేనే మెయిలు సృష్టించాను. మద్దతు నొక్కేటప్పుడు అప్పట్లో కొన్ని ప్రశ్నలు అడిగేవారు. ఈ బొమ్మ వెల ఎంతుంటే బాగుంటుంది, వస్తే మీరు ఎన్ని కొంటారు అని. పత్తి చేలో కూలికెళ్లే ఆమె తరఫున "రెండు" అని నేను జవాబిచ్చాను. ఆ రోజు నా చెయ్యి వణకలేదు. మన సినిమా కోసం, మన ఊరి పేరు కోసం చేస్తున్నాననుకున్నాను. ఆ పెట్టెల్లో వచ్చే పుస్తకంలో రూపకర్త గురించి ఒక పేజీ ఉంటుంది. ఆ పేజీలో 'నెమలి' అని అచ్చవ్వాలి. డబ్బు కంటే నన్ను ఎక్కువ లాగింది ఆ పేజీయే.

ఒక పెద్దమ్మ మాత్రం, నేను ఫోనులో చాలాసేపు ఏదో చేస్తుంటే అడిగింది.

"ఇది నొక్కితే పింఛను పెరుగుద్దా నాయనా?"

"అది వేరే పని పెద్దమ్మా" అన్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. వేరే పని అయితే ఏం పని అని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

కొన్నాళ్లకి ఆమె మనవడు విజయవాడ నుంచి సెలవులకొచ్చి, ఆ ఫోనులో కొత్త మెయిలు, ఇంగ్లీషులో ఏవో ధ్రువీకరణలు చూశాడు. మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ షాపు ముందుకొచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నా పేరు మీద అప్పేమన్నా తీశావా అబ్బాయ్?"

రాత్రంతా ఆమె నిద్రపోలేదట. ఫోను అప్పుల యాప్‌ల వాళ్లు మనుషుల్ని ఎలా పీడిస్తారో టీవీలో చూసింది. పొలం లేదు, ఉన్నది ఇల్లొక్కటే. అది పోతుందేమోనని కూర్చుని తెల్లవార్లూ లెక్కలేసుకుందట. నా బొమ్మ కోసం.

అక్కడే ఉన్నదున్నట్టు చెప్పాను. మనవడు నన్ను తిట్టాడు, తిట్టాల్సిందే. ఆ తర్వాత మిగిలిన ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పాను. వాళ్ల ఎదుటే ఆ ఖాతాలు, మెయిళ్లు మూసేశాను, నా యంత్రాన్ని లెగో ఐడియాస్ నుంచి తీసేశాను. కొందరు ఇంతేనా అన్నారు. ఇద్దరు ముగ్గురు ఇప్పుడు తమ కాగితాల పని గంపలగూడెం పోయి చేయించుకుంటున్నారు. వాళ్లని మళ్లీ రమ్మని అడిగే ముఖం నాకు లేదు.

పది వేలు అనేది దాటాల్సిన గోడ అనుకోవడమే నా బుద్ధిలేనితనం. ఆ అంకెను పెట్టింది, ఒక మనిషి కల ఎక్కడెక్కడో ఉన్న పది వేలమంది కల కూడానా అని తెలుసుకోవడానికి. ఉక్రెయిన్ అబ్బాయి కట్టిన ఇల్లు చూసి ఎవరికి వారు తమ చిన్నతనాన్ని గుర్తుచేసుకుని, మెయిలు ధ్రువీకరించే తలనొప్పిని కూడా భరించి నొక్కారు. నేను ఆ ఇష్టాన్ని పుట్టించకుండానే దాని గుర్తును మాత్రం దొంగిలించాను. మా ఊళ్లో ఎంతమంది 'ఆదిత్య 369' చూశారో ఒక్కసారైనా అడిగానా? బొమ్మను నా గదిలోంచి బయటికి తెచ్చి ఒక్క పిల్లాడి చేతికైనా ఇచ్చానా? విరిగిపోతుందని భయం. విరగడమే దాని గుణమని తెలిసి కూడా.

పెద్దమ్మ దగ్గరికి క్షమాపణకి మళ్లీ వెళ్లినప్పుడు యంత్రాన్ని కూడా తీసుకెళ్లాను. అటూ ఇటూ తిప్పి చూసి, ఈ సినిమా తనకి తెలియదంది. తను చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో 'పాతాళభైరవి' చూసిందట. 1951 సినిమా, కె.వి. రెడ్డి గారిది; ఆమె చూసేనాటికే పాతది. అయినా నేపాళ మాంత్రికుడు, తోటరాముడు, కోరింది ఇచ్చే ఆ ప్రతిమ, అన్నీ నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. చేస్తే అది చెయ్యాలంది. ఫోను తెచ్చి నా చేతిలో పెట్టిన రోజున నేను అడిగి ఉంటే ఇవన్నీ ఆ రోజే చెప్పి ఉండేది.

ఇప్పుడు 'పాతాళభైరవి' గుహ కడుతున్నాను. ఎక్కడికీ పంపడానికి కాదు. షాపు బల్ల మీదే ఉంటుంది, పిల్లలు ముట్టుకుంటారు, ముక్కలు పోతుంటాయి. పెద్దమ్మ పింఛను తీసుకున్న రోజున వచ్చి చూసి పోతుంది. మొన్న వచ్చినప్పుడు, మాంత్రికుడి వేషంలో ఎస్వీ రంగారావు గడ్డం అంత పొట్టిగా ఉండదని చెప్పింది. నల్ల ముక్కలు ఇంకొన్ని తెప్పించాలి.